మీ పాప రాసింది ఎవరెవరు చదువుతారు?



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఏడో తరగతి అమ్మాయి తల్లి ఒకరు సూటిగా అడిగారు: "ఫోన్ చేతికివ్వద్దని చెప్పేది మీరే, క్లాస్ బ్లాగులో రాయమనేదీ మీరే. మేమేం చెయ్యాలి మేడమ్?" వెనక ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

క్లాస్ బ్లాగు అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. పిల్లలు రాసినవి తేదీల వారీగా, కొత్తది పైన పాతది కింద వచ్చే వెబ్ పేజీ. ప్రతి రాత కింద చదివినవాళ్ళు ఒక మాట రాయడానికి చోటు ఉంటుంది. అసలు కిటుకంతా ఆ చోటులోనే ఉంది.

నోట్‌బుక్‌లో రాసిన వ్యాసాన్ని చదివేది టీచర్ ఒక్కరే. ఆ సంగతి పిల్లలకూ తెలుసు. అందుకే "నా సెలవులు" అని రాయమంటే నలభై పుస్తకాల్లోనూ ఒకే వ్యాసం ఉంటుంది. నేను టిక్ పెట్టి సంతకం చేస్తాను, అక్కడితో అయిపోతుంది. మా ఆరో తరగతి అబ్బాయి ఒకడు బ్లాగులో పల్నాడులోని తాతగారి ఊరి గురించి ఆరు వాక్యాలు రాశాడు. అందులో మిర్చి కల్లం గురించి ఒక్క ముక్క ఉంది. కింద ఒక పాప అడిగింది: "కాయలు ఎన్ని రోజులు ఎండబెడతారు? వాన పడితే ఏం చేస్తారు?" వాడికి తెలియదు. ఆ సాయంత్రం తాతగారికి ఫోన్ చేయించుకున్నాడు. వాన మబ్బు పట్టగానే పట్టాలు కప్పడం, తడిసిన కాయ తాలుగా మారితే రేటు పడిపోవడం, ఒక ఏడాది అలాగే నష్టపోవడం, అన్నీ కనుక్కొని ఇంకో పేజీ రాశాడు. నేను ఎర్రపెన్నుతో "ఇంకా వివరంగా రాయాలి" అని పదిసార్లు రాసినా వాడు ఆ ఫోన్ చేసేవాడు కాదు.

పిల్లల బ్లాగులంటే చాలామంది టీచర్లకు గుర్తొచ్చేది స్కాట్లాండ్ సంగతి. 2012 ఏప్రిల్ 30న మార్తా పేన్ అనే తొమ్మిదేళ్ళ పాప, తండ్రి సాయంతో, 'నెవర్ సెకండ్స్' అని ఒక బ్లాగు మొదలుపెట్టింది. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ప్లేటును ఫొటో తీసేది. రుచికి పదికి ఇన్ని మార్కులని వేసేది. ఎన్ని ముద్దలు వచ్చాయో లెక్కపెట్టేది. తిండిలో వెంట్రుకలేమైనా వచ్చాయా అన్నదీ రాసేది! రోజూ ఒకే పద్ధతిలో చూడటం, లెక్కించడం, రాయడం. సైన్స్ రికార్డులో మనం నేర్పాలనుకునేది అదే కదా. జూన్ నెల మధ్యలో అక్కడి ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిల్ ఫొటోలు తీయకూడదంది. దేశమంతా గోల పుట్టేసరికి మర్నాడే ఆ మాట వెనక్కి తీసుకుంది. పేద దేశాల బడిపిల్లలకు అన్నం పెట్టే 'మేరీస్ మీల్స్' సంస్థకు ఆ బ్లాగు ద్వారా లక్ష పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఆ డబ్బుతో మలావీలో ఒక బడికి వంటగది కట్టారు.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమనిపించేది వేరే. ఆ పాప మొదట్లో సొంత పేరు పెట్టుకోలేదు, 'వెజ్' అనే కలం పేరుతో రాసింది. పక్కన తండ్రి ఉన్నాడు. అంత జాగ్రత్తగా ఉన్నా రెండు నెలలు తిరక్కుండానే ప్రపంచానికంతా ఆమె పేరు, ముఖం తెలిసిపోయాయి. మంచివైపు తిరిగింది కాబట్టి సరిపోయింది. (మన పిల్లలు కూడా సోమవారం ఉప్మా గురించి రాశారు. ఆ పోస్ట్ తీసేయలేదు, క్యాంటీన్ వాళ్ళకు చూపించాం.)

మా వల్ల కూడా పొరపాటు జరిగింది. మొదటి ఏడాది కామెంట్లు నేరుగా పేజీలో పడేవి. ఒకమ్మాయి 'ళ' రాయాల్సిన చోటల్లా 'ల' రాస్తే తోటి పిల్లలిద్దరు వరసగా ఎగతాళి చేశారు. నేను చూసేసరికి రాత్రయింది. అప్పటికే క్లాసంతా చదివేసింది. ఆ పాప ఆ టర్మ్ అంతా మళ్ళీ ఒక్క ముక్క రాయలేదు. నోట్‌బుక్‌లో ఎర్రగీతను టీచరూ పిల్లా మాత్రమే చూస్తారు, ఇక్కడ అలా కాదన్నది నేను ముందే ఆలోచించాల్సింది. ఇప్పుడు ప్రతి కామెంటూ టీచర్ చూశాకే కనిపిస్తుంది.

మిగతా కట్టుబాట్లు ఇవి. బ్లాగు లాగిన్ ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది, గూగుల్‌లో వెతికితే దొరకదు. ఇంటిపేరు, ఊరు, బస్ రూట్ నంబరు రాయరు. మీ సంతకం లేకుండా ముఖం కనిపించే ఫొటో పెట్టం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. చదువు అవసరాలకు బడులకు కొన్ని మినహాయింపులున్న మాట నిజమే. కానీ ఫొటోలు బయటపెట్టడానికి వాటిని సాకుగా వాడుకోవడం సరికాదని నా అభిప్రాయం.

ఇక ఫోన్ సంగతి. దీనికోసం ఫోన్ గానీ ట్యాబ్ గానీ కొననక్కర్లేదు. మొదటి ప్రతి కాగితం మీదే రాస్తారు. వారానికి ఒక ల్యాబ్ పీరియడ్‌లో టైప్ చేస్తారు. కరోనా ఏడాది 2020లో కేంద్రం ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా ఆన్‌లైన్ పాఠాలు రోజుకు రెండు సెషన్లకు మించకూడదన్నాయి, అదీ ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే. మా బ్లాగుకు వారమంతటికీ అంత సమయం పట్టదు.

తెలుగు రాతలను తెలుగు లిపిలోనే టైప్ చేయిస్తున్నాం. వాట్సాప్‌లో మనమంతా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేస్తాం కాబట్టి పిల్లలకు ఇది మొదట్లో కష్టంగానే ఉంటుంది. అందుకే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పిస్తున్నాం. అందులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. ఒత్తు పెట్టాలంటే ఏ అక్షరానికి ఏది చేరుతుందో ఆలోచించి కొట్టాలి. గుణింతాలు మర్చిపోయిన ఎనిమిదో తరగతి పిల్లలు అక్కడ మళ్ళీ నేర్చుకోవడం చూశాను.

మీ నుంచి కోరేది కొంచెమే. దయచేసి మీరు రాసి ఇవ్వకండి, చాట్‌జీపీటీతో రాయించకండి. "అనిర్వచనీయమైన అనుభూతికి లోనయ్యాను" అని ఆరో తరగతి పిల్లాడు రాయడు. మాకు తెలిసిపోతుంది, పిల్లవాడే సిగ్గుపడతాడు. కామెంట్ పెడితే "సూపర్ నాన్నా" దగ్గర ఆగకుండా ఒక ప్రశ్న అడగండి. డల్లాస్‌లో ఉన్న మేనమామకు చూపించాలనిపిస్తే మీ పిల్లల రాత వరకే పంపండి, పక్కవాళ్ళ రాతలు అందులో రాకుండా చూడండి.

సమ్మతి పత్రం ఈ సోమవారం డైరీలో పెట్టి పంపుతున్నాం. రాతకు, ఫొటోకు వేర్వేరు గడులున్నాయి. ఫొటో గడి ఖాళీగా వదిలేసినా మీ అబ్బాయి లేదా అమ్మాయి బ్లాగులో రాయవచ్చు. రెండూ వద్దనుకుంటే ఆ పీరియడ్‌లో కాగితం మీదే రాస్తారు, దానివల్ల మార్కులేమీ తగ్గవు.