చౌక కరెంటు వెనక చౌక భూమి: సోలార్ పార్కుల లెక్కలో దళితులెక్కడ?

2015 నవంబరులో కర్నూలు సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర రూ.4.63కు దిగింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో అది రూ.2.44కు పడిపోయింది. ప్యానెళ్లు చౌక కావడం, వాటి సామర్థ్యం పెరగడం, తక్కువ వడ్డీకి అప్పు దొరకడం ఇందుకు కారణాలని నిపుణులు చెబుతారు. అవన్నీ నిజమే. ఆ జాబితాలో అరుదుగా కనిపించే మరో కారణం భూమి. మేము ఇక్కడ మాట్లాడుతున్నది దాని గురించే.

సోలార్ పార్కు పద్ధతిలో భూమి సమకూర్చి, రోడ్లు, సబ్‌స్టేషన్లు సిద్ధం చేసే బాధ్యత ప్రభుత్వ సంస్థలదే. కంపెనీ వచ్చి ప్యానెళ్లు బిగిస్తుంది. ఒక మెగావాట్‌కు సుమారు 5 ఎకరాలు కావాలి. గని, శకునాల గ్రామాల పరిధిలోని 1000 మెగావాట్ల కర్నూలు పార్కుకు దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. అంత భూమి ఒకేచోట కావాలన్నప్పుడు అధికారుల చూపు ముందుగా పడేది రికార్డుల్లో ప్రభుత్వ భూమి, బంజరు అని రాసి ఉన్న సర్వే నంబర్ల మీదే. అలాంటి భూముల్లో డీ-పట్టాలు పొందిన దళిత కుటుంబాలు, ఏ కాగితమూ లేకుండా ఏళ్ల తరబడి సాగు చేస్తున్నవాళ్లు, గొర్రెలు మేపుకునేవాళ్లు ఉంటారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు విస్తీర్ణంలో ఎస్సీల వాటా 9 శాతం లోపే. ఉన్న ఆ కాస్త భూమిలోనూ అసైన్డ్ భూమిపై హక్కు బలహీనం.

1977 నాటి అసైన్డ్ భూముల చట్టం పేదల భూమి చేతులు మారకుండా నిలపడానికి వచ్చింది. కానీ ప్రజా ప్రయోజనం పేరిట పరిహారం లేకుండానే వెనక్కి తీసుకోవచ్చన్న షరతు పట్టాలోనే ఉండేది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ షరతు చెల్లదని, అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తేల్చింది. 2013 భూసేకరణ చట్టం అసైన్డ్ కుటుంబాలతో పాటు ఆ భూమిపై ఆధారపడిన కూలీలను, కౌలుదార్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది.

సేకరణ బదులు లీజు తీసుకుంటే ఈ చిక్కు తీరుతుందా? అనంతపురం పొరుగునే, కర్ణాటకలోని పావగడలో సుమారు 13 వేల ఎకరాలను ఎకరాకు ఏడాదికి రూ.21 వేల చొప్పున లీజుకు తీసుకున్నారు. భూమి రైతు పేరునే ఉంది, అది మేలే. అయితే కౌలు డబ్బు పట్టాదారుకే వెళ్తుంది. ఆ పొలాల్లో పనిచేసిన భూమిలేని కూలీకి పని పోయింది, కౌలులో వాటా లేదు.

పర్యావరణ లెక్కలోనూ ఇదే లోపం. సోలార్ ఫోటోవోల్టాయిక్ ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి రావు. కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. తగ్గిన బొగ్గు పొగను లెక్కిస్తారు. పోయిన మేత భూమిని, మూసుకుపోయిన వాగు దారిని, ప్యానెళ్లు కడగడానికి తోడే నీటిని ఎవరూ లెక్కించరు.

మేము సౌరవిద్యుత్తుకు వ్యతిరేకం కాదు. బొగ్గు గనుల పక్కన, థర్మల్ కేంద్రాల బూడిద కింద బతుకుతున్నవాళ్లలోనూ మనవాళ్లు ఉన్నారు. అందుకే మీ మండలంలో పార్కు ప్రతిపాదన వస్తే మొదటి రోజే ఈ ప్రశ్నలు అడగండి: ఏయే సర్వే నంబర్లు? వాటిలో డీ-పట్టాలు ఎన్ని? పట్టా లేని సాగుదారుల పేర్లు ఎవరు నమోదు చేస్తారు? కూలీలకు ఏటా ఎంత? ఈ జవాబులు గ్రామసభ తీర్మానంలో, రాతపూర్వకంగా ఉండాలి. కంచె పడ్డాక అడిగితే చేతిలో మిగిలేది కోర్టు వాయిదాలే.