సాహస కథలూ, మన లోకమూ

పిల్లలూ! రెక్కల గుర్రాలూ, మాయా మందిరాలూ, సముద్రం అడుగున తిరిగే ఓడలూ, చంద్రమండలానికి ప్రయాణాలూ ఉన్న కథలంటే మీకు చాలా ఇష్టం. అటువంటి పుస్తకం మీ చేతిలో కనబడితే, "అవన్నీ అబద్ధాలు. ముందు పాఠం చదువుకో!" అని ఇంట్లో పెద్దవాళ్ళు మందలించటం కూడా మామూలే. ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో పనిచేసినవాణ్ణి గనక, ఈ తగవులో రెండు పక్షాల వాదనా నాకు బాగా తెలుసు. ఎన్నడూ జరగని కథకూ, మనం బతుకుతున్న లోకానికీ ఏమైనా సంబంధం ఉన్నదా? ఉన్నది. అది ఎటువంటిదో చూద్దాం.

ఫ్రాన్సు దేశంలో జూల్ వెర్న్ అనే రచయిత ఉండేవాడు. ఆయన 1828లో పుట్టి, 1905లో చనిపోయాడు. ఎనభై రోజుల్లో భూమిని చుట్టివస్తానని పందెం కాసిన ఒక ఇంగ్లీషు దొర కథను ఆయన 1872లో ప్రకటించాడు. ఆ కథ ఇరవై ఏళ్ళ ముందు ఎందుకు పుట్టలేదో తెలుసా? 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ఆ ఏడే అమెరికా ఖండానికి అడ్డంగా రైలుదారి పూర్తయింది. 1870లో మన దేశంలో బొంబాయికీ కలకత్తాకూ మధ్య రైలుమార్గం కలిసింది. ఈ మూడూ లేకపోతే ఎనభై రోజులన్న మాట ఎవరూ నమ్మేవారు కాదు. అయినా కథలో మన దేశంలో పట్టాలు మధ్యలో ఆగిపోతాయి. అప్పుడు ఆ దొర ఏనుగును కొని ప్రయాణం సాగిస్తాడు!

తరవాత ఏమయింది? 1889 నవంబరులో నెల్లీ బ్లై అనే అమెరికన్ పత్రికా విలేఖరి నిజంగానే ఆ ప్రయాణానికి బయలుదేరింది. దారిలో ఫ్రాన్సులో ఆగి వెర్న్‌ను చూసింది. 72 రోజుల్లో భూమిని చుట్టి ఇల్లు చేరుకున్నది. లోకంలో వచ్చిన మార్పు నుంచి కథ పుట్టింది. ఆ కథ మళ్ళీ లోకంలో ఒక మనిషిని కదిలించింది.

వెర్న్ 1865లో చంద్రుడి ప్రయాణం కథ కూడా రాశాడు. అందులో అమెరికాలోని ఫ్లోరిడాలో 900 అడుగుల పొడవుగల ఫిరంగిని భూమిలో నిలబెట్టి, ముగ్గురు మనుషులున్న గుండును చంద్రుడి వైపుకు పేలుస్తారు. ఆ కథకు తరవాయి భాగంలో వాళ్ళు చంద్రుడి చుట్టూ తిరిగి, పసిఫిక్ సముద్రంలో పడతారు. 1968 డిసెంబరులో అపోలో-8 నౌకలో ముగ్గురు వ్యోమగాములు ఫ్లోరిడా నుంచే బయలుదేరి, చంద్రుణ్ణి చుట్టి, పసిఫిక్ సముద్రంలోనే దిగారు!

అయితే వెర్న్ చెప్పినదంతా నిజమైందని అనుకోకండి. అంత వేగం 900 అడుగుల గొట్టంలోనే రావాలంటే, లోపలివాళ్ళ మీద పడే ఒత్తిడి వాళ్ళ బరువుకు సుమారు ఇరవై వేల రెట్లుంటుంది. గుండు గొట్టం దాటకముందే వాళ్ళు నుజ్జునుజ్జు అయిపోతారు. రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు వెర్న్ కథలు చదివినవాడే. చిన్నతనంలో జబ్బుచేసి ఆయనకు చెవులు సరిగా వినబడేవి కావు. ఆయన కథను నమ్మి ఊరుకోలేదు, అబద్ధమని పారెయ్యనూ లేదు. లెక్కలు కట్టాడు. ఒక్కసారిగా పేలే ఫిరంగి పనికిరాదనీ, క్రమంగా వేగం పుంజుకునే రాకెట్టు కావాలనీ తేల్చి, ఆ లెక్కలు 1903లో ప్రకటించాడు. 2023 జూలై 14న మన శ్రీహరికోట నుంచి బయలుదేరి, ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన చంద్రయాన్-3 కూడా ఆ సూత్రం మీదనే వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన పురాణాల్లో పుష్పక విమానం ఉన్నది. అది గొప్ప ఊహ. కాని ఊహ ఉన్నంత మాత్రాన ఆ కాలంలో విమానాలు ఎగిరాయని అర్థం కాదు. ఊహకూ యంత్రానికీ మధ్య లెక్కలుంటాయి, ప్రయోగాలుంటాయి, ఎన్నో ఓటములుంటాయి.

కథలు యంత్రాలను గురించి మాత్రమే చెబుతాయా? మనుషులను గురించి కూడా చెబుతాయి. వెర్న్ కథల్లో నెమో అనే కెప్టెన్ సముద్రం అడుగున విద్యుచ్ఛక్తితో నడిచే ఓడలో తిరుగుతూ ఉంటాడు. అతను ఎవరో 1875 నాటికి పూర్తయిన "రహస్య ద్వీపం" కథలో బయటపడుతుంది. అతను మన బుందేల్‌ఖండ్ రాకుమారుడు! 1857 తిరుగుబాటులో పోరాడి, తనవాళ్ళను పోగొట్టుకున్నవాడు. పీడితులకు సాయం చేస్తాడు. కాని పగతో ఓడలను ముంచి, వాటిలో ఉన్నవాళ్ళ చావుకు కారకుడవుతాడు. అతను మంచివాడా, చెడ్డవాడా? మీరే ఆలోచించండి.

ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ అనే రచయిత 1898లో ఒక పుస్తకం వేశాడు. అందులో అంగారక గ్రహవాసులు వచ్చి ఇంగ్లండును తగలబెడతారు. చదివేవాళ్ళు భయంతో వణికిపోతారు. కాని మొదట్లోనే రచయిత, టాస్మేనియా దీవిలోని ప్రజలను ఐరోపావాళ్ళు ఎలా నాశనం చేశారో గుర్తుచేస్తాడు. ఇతరులకు చేసిన పని తమకే జరిగితే ఎట్లా ఉంటుందో తన దేశంవాళ్ళకు చూపించాడన్నమాట. అన్ని సాహస కథలూ ఇలా ఉండవు. 1719లో వచ్చిన రాబిన్‌సన్ క్రూసో కథలో క్రూసో తాను కాపాడిన మనిషికి తానే ఒక పేరు పెట్టి, తనను "దొరా" అని పిలవమంటాడు. ఆ మనిషి అసలు పేరేమిటో అడగనైనా అడగడు.

వెల్స్ 1914లో రాసిన మరొక నవలలో అణుబాంబులు నగరాలను మాడ్చేస్తాయి. అప్పటికి అటువంటి బాంబు ఎక్కడా లేదు. లియో జిలార్డ్ అనే హంగేరీ శాస్త్రజ్ఞుడు 1932లో ఆ నవల చదివాడు. మరుసటి ఏడు లండను వీధిలో నడుస్తూ ఉండగా, అణుశక్తిని వరసగా వెలువరించే మార్గం ఆయనకు తట్టింది. అది దుర్మార్గుల చేతిలో పడితే ఏమవుతుందో నవల చదివిన ఆయనకు తెలుసు. అందుచేత ఆ ఆలోచనను రహస్యంగా ఉంచటానికి ప్రయత్నించాడు. తరవాత హిట్లర్ ముందుగా బాంబు చేస్తాడేమోనన్న భయంతో అమెరికా చేత ఆ పని మొదలుపెట్టించినవారిలో ఆయనా ఒకడు. 1945 జూలైలో, లొంగిపోయే అవకాశం ఇవ్వకుండా జపాను మీద బాంబు వేయవద్దని కోరుతూ సుమారు 70 మంది శాస్త్రజ్ఞుల చేత సంతకాలు పెట్టించినవాడూ ఆయనే. ఆ విజ్ఞప్తి ఫలించలేదు. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద బాంబులు పడ్డాయి. కథ హెచ్చరించగలదు, చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఆపవలసినవాళ్ళు మనుషులే.

"రోబో" అన్న మాట కూడా ఒక కల్పన నుంచి వచ్చిందే. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో ప్రచురించిన నాటకంలో ఆ మాట మొదటిసారి కనబడింది. దానికి మూలమైన చెక్ మాటకు అర్థం వెట్టిచాకిరి. ఈనాడు యంత్రాలు మనతో మాట్లాడుతున్నాయి, బొమ్మలు గీస్తున్నాయి. ఎవరి పని ఎవరు చేయాలి, లాభం ఎవరికి పోవాలి అనే ప్రశ్న ఆ నాటకం నాటినుంచీ ఉన్నది. దానికి జవాబు రేపు మీరు చెప్పవలసి ఉంటుంది.

పిల్లలూ, ఇకమీద ఇటువంటి పుస్తకం చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో జరగగలిగింది ఏది? జరగలేనిది ఏది, ఎందుచేత? ఈ సాహసంలో ఎవరు గెలిచారు, ఎవరు నష్టపోయారు?

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పాఠాల వేళ పాఠాలు చదవవలసిందే. అందులో సందేహం లేదు. కాని పుస్తకం లాక్కోవటం కన్నా, "కథలో ఏమయింది?" అని అడగటం మేలు. కాశీమజిలీ కథల్లో గోపడు దారిలో వింత కనబడినప్పుడల్లా దాని సంగతి చెప్పమని పట్టుబడతాడు. మణిసిద్ధుడు విసుక్కోకుండా చెబుతాడు. ఆ విధంగానే ఇద్దరూ కాశీదాకా నడిచిపోతారు.