ముందు నీ ప్రాణం, ఆ తర్వాతే...

శిక్షణలో 108 సిబ్బందికి నేర్పే మొదటి పాఠం అది. రోడ్డెక్కాక రోజూ తలకిందులయ్యేదీ ఆ పాఠమే

జాతీయ రహదారి మీద అర్ధరాత్రి దాటాక జరిగే ప్రమాదం ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. బోల్తాపడిన కారు, చుట్టూ సెల్‌ఫోన్ల వెలుతురు, గుమిగూడిన పాతిక ముప్ఫై మంది, ఇవేవీ పట్టనట్టు వెనకనుంచి దూసుకొచ్చే లారీలు. అక్కడికి చేరుకునే 108 వాహనంలో ఉండేది ఇద్దరే. పైలట్ అని పిలిచే డ్రైవర్ ఒకరు, ఈఎంటీ అని పిలిచే అత్యవసర వైద్య సహాయకుడు మరొకరు. నేర్చుకున్న ప్రకారమైతే దిగగానే వాళ్లు చేయాల్సింది క్షతగాత్రుడి దగ్గరికి పరుగెత్తడం కాదు. బండిని వెనకొచ్చే వాహనాలకు అడ్డుగా నిలపాలి. దీపాలు వెలిగించాలి. పెట్రోలు కారుతోందా, తెగిన కరెంటు తీగ ఏదైనా వేలాడుతోందా చూడాలి. మహా అయితే రెండు నిమిషాల పని. కానీ రక్తం చూసిన జనానికి ఆ రెండు నిమిషాలూ నిర్లక్ష్యంలా కనిపిస్తాయి. ''చూస్తూ నిలబడ్డారేంటి?'' అన్న కేక ముందు వస్తుంది, చొక్కా మీద చెయ్యి తర్వాత పడుతుంది. అందుకే చాలామంది ఆ రెండు నిమిషాలనూ వదిలేసుకుని చీకట్లోకి ఉరుకుతారు.

అత్యవసర వైద్యసేవల శిక్షణ ప్రపంచంలో ఎక్కడైనా మొదలయ్యేది ఒకే వరుసతో. ముందు నీ భద్రత, తర్వాత నీ తోటి ఉద్యోగి భద్రత, ఆ తర్వాత చుట్టుపక్కల జనం, ఆఖరున రోగి. వినడానికి కఠినంగా ఉన్నా లెక్క మాత్రం సులువైనదే. కాపాడడానికి వచ్చినవాడు పడిపోతే అక్కడ కాపాడాల్సినవారు ఇద్దరవుతారు, కాపాడేవారు తగ్గిపోతారు. మన దేశంలో ఈ వరుస తిరగబడడానికి కారణం సిబ్బందికి పాఠం రాకపోవడం కాదు. పాఠాన్ని పాటించడానికి కావలసిన బండి, చట్టం, ఉద్యోగం వాళ్లకు సరిగా అందకపోవడం.

హైదరాబాద్ శివార్లలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఆ తర్వాత డజనుకు పైగా రాష్ట్రాలకు పాకింది. దాన్ని నెలకొల్పిన సత్యం రామలింగరాజు 2009 జనవరిలో ఖాతాల కుంభకోణంలో కూరుకుపోయినా సేవ ఆగలేదు. నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. 2016లో శ్రీలంక భారత ప్రభుత్వ ఆర్థిక సాయంతో 1990 నంబరు మీద 'సువ సెరియ' అంబులెన్సులను ప్రారంభించినప్పుడు ఆ దేశపు సిబ్బంది శిక్షణకు వచ్చిందీ హైదరాబాద్‌కే. ఫోనెత్తితే బండి వస్తుందన్న నమ్మకం ఇరవై ఏళ్లలో పల్లెల్లోనూ పాతుకుపోయింది. విచిత్రమేమిటంటే, సిబ్బంది తినే తన్నుల్లో సగం ఆ నమ్మకం పుణ్యమే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో కొత్త వాహనాలను రోడ్డెక్కించినప్పుడు పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీ ప్రాంతాల్లో 30 నిమిషాల్లో చేరుకోవాలని లక్ష్యం పెట్టింది. ఫోను చేసినవారికి ఆ గడియారం తెలియదు. గుండెనొప్పితో మెలికలు తిరుగుతున్న తండ్రి పక్కన కూర్చున్న కొడుక్కి పది నిమిషాలు గంటలా గడుస్తాయి. దగ్గరలోని బండి మరో కేసు మీద ఉంటే పక్క మండలం నుంచి రావాలి. ఆ ఆలస్యంతో పైలట్‌కు సంబంధం లేదు, ఆ కోపానికి దొరికేది మాత్రం అతనే.

తగాదాలకు మరో రెండు కారణాలు సిబ్బంది అందరికీ కంఠోపాఠం. మొదటిది శవం. బండి చేరేసరికి ప్రాణం పోయి ఉంటే నిబంధనల ప్రకారం 108 మృతదేహాన్ని తరలించదు, మరో ప్రాణం కోసం ఖాళీగా ఉండాలి. ఇంటి ముందు ఏడుస్తున్న గుంపుకు ఈ మాట చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కొందరు చెప్పలేక, నాడి ఆడడం లేదని తెలిసీ, ఛాతీ నొక్కుతూనే ఆస్పత్రిదాకా తీసుకుపోతారు. వైద్యశాస్త్రం దృష్టిలో అది వృథా ప్రయాస. ఆ గుంపు మధ్యలోంచి క్షేమంగా బయటపడడానికి మాత్రం ఉన్న దారి అదే. రెండోది ఆస్పత్రి ఎంపిక. దగ్గరలోని తగిన ఆస్పత్రికి చేర్చమంటుంది నిబంధన, నగరంలోని ఫలానా కార్పొరేట్ ఆస్పత్రికే పొమ్మంటారు బంధువులు. కదులుతున్న బండిలో, రోగి తలదగ్గర, ఈ వాదన జరుగుతుంది.

ఒక్కోసారి శత్రువు ఎవరో కూడా తెలియదు. ఛత్తీస్‌గఢ్‌లోని దర్భా వద్ద 2014 ఏప్రిల్‌లో మావోయిస్టులు పేల్చిన మందుపాతరకు సీఆర్పీఎఫ్ జవాన్లను ఎక్కించుకున్న అంబులెన్స్ తునాతునకలైంది. జవాన్లతో పాటు దాని డ్రైవరూ చనిపోయాడు. మణిపూర్‌లో 2023 జూన్ 4న గాయపడిన పిల్లవాడిని ఇంఫాల్ ఆస్పత్రికి తీసుకువెళ్తున్న అంబులెన్స్‌ను పోలీసుల తోడు ఉండగానే గుంపు అడ్డగించి తగలబెట్టింది. ఆ పిల్లవాడు, తల్లి, వారితో ఉన్న మరో మహిళ మంటల్లో చనిపోయారు. సరిహద్దుకు అటువైపు, పాకిస్తాన్‌లోని క్వెట్టాలో 2013 జనవరి 10న మొదటి బాంబు పేలాక సాయానికి పరుగెత్తుకొచ్చినవారిని కొద్ది నిమిషాల తర్వాత పేలిన రెండో బాంబు పొట్టనబెట్టుకుంది. మృతుల్లో పోలీసులు, పాత్రికేయులతో పాటు స్వచ్ఛంద సహాయ సిబ్బందీ ఉన్నారు.

విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి పాకినప్పుడు జనం వీధుల్లోనే కుప్పకూలారు. పన్నెండు మంది చనిపోయారు. అలాంటి చోట గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, ఆ వైపే ఆగాలన్నది పాఠం. ముఖానికి కట్టుకునే మామూలు మాస్కు దుమ్మును ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. కళ్లముందు పసిపిల్లలు పడిపోతుంటే గాలివాటం చూస్తూ నిలబడగలిగేదెవరు?

ఇలాంటివి పత్రికల్లో పడతాయి. పడనిది బండి లోపలి ప్రమాదం. అంబులెన్స్ వెనక భాగంలో ఈఎంటీ కూర్చునేది ఎక్కువగా గోడవారగా ఉండే పక్క బెంచీ మీద. బెల్టు ఉన్నా పెట్టుకుంటే రోగి ఛాతీ అందదు. రక్తపోటు చూడాలన్నా, సెలైన్ పెట్టాలన్నా, గుండె ఆగితే ఛాతీ నొక్కాలన్నా లేచి నిలబడాల్సిందే. ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, మోకాలిని స్ట్రెచర్‌కు ఆనించి, రెండో చేత్తో వైద్యం. పైలట్ గట్టిగా బ్రేకు వేశాడంటే తల తగిలేది ఆక్సిజన్ సిలిండర్‌కో అలమర అంచుకో. అంబులెన్సుల నిర్మాణానికి ఏఐఎస్-125 పేరుతో జాతీయ ప్రమాణాలు వచ్చాయి. సీట్లు, బెల్టులు, పరికరాల బిగింపు ఎలా ఉండాలో అవి చెబుతాయి. నిలబడి చేసే వైద్యానికి మాత్రం ఏ ప్రమాణమూ బెల్టు కట్టలేదు.

సైరన్ మోగినంత మాత్రాన దారి ఇచ్చే అలవాటు మనకింకా పూర్తిగా అబ్బలేదు. అత్యవసర వాహనానికి దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలలదాకా జైలు విధించేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. ఎర్రదీపం పడ్డా జాగ్రత్తగా దాటే వెసులుబాటు అంబులెన్స్‌కు ఉంది. అయితే ప్రమాదం జరిగితే ఆ వెసులుబాటు పైలట్‌ను గట్టెక్కించదు, జాగ్రత్త తీసుకున్నట్టు నిరూపించుకోవాల్సింది అతనే. పన్నెండు గంటల షిఫ్టులో పదకొండో గంటన జాగ్రత్త ఎంత మిగిలి ఉంటుందన్నది వేరే ప్రశ్న.

ఆపై సూది. గతుకుల రోడ్డు మీద, కొట్టుకుంటున్న రోగి చేతికి ఐవీ లైను పెట్టేటప్పుడు సూది జారి సొంత వేలికి గుచ్చుకోవడం అరుదేమీ కాదు. రోగికి హెపటైటిస్-బి ఉండి, గుచ్చుకున్నవారు టీకా వేసుకోకపోయి ఉంటే అది సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. హెచ్ఐవీ విషయంలో అది వెయ్యికి సుమారు మూడు. మొదటిదానికి ఆరు నెలల్లో వేసుకునే మూడు డోసుల టీకా ఉంది. రెండోదానికి వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాల్సిన మందులున్నాయి. అంటే గుచ్చుకున్న వెంటనే చెప్పాలి, డ్యూటీ దిగి మందు తెచ్చుకోవాలి. బండి ఆపితే కేసు పోతుంది, చెబితే అజాగ్రత్త అన్న మాట పడాలి. అందుకే చాలా సూదిపోట్లు స్పిరిట్ దూదితో తుడుచుకోవడంతోనే ముగిసిపోతాయి. కంటికి కనిపించే గాయాలకు రికార్డు రాసే ఉద్యోగంలో సొంత వేలికి మాత్రం రికార్డు ఉండదు.

ఇక చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే వైద్యసేవల సిబ్బంది మీద, సంస్థల మీద హింసను నిరోధించే చట్టం తెచ్చింది. దాడి చేస్తే మూడేళ్లదాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. అందులో ఆస్పత్రి ఉంది, గోడలున్నాయి, ఫిర్యాదు చేసే సూపరింటెండెంట్ ఉన్నాడు. రోడ్డు మీద ఇద్దరే ఉన్న బండికి అవేవీ లేవు. కేసు పెట్టాలంటే పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాలి, ఆ సేపూ బండి నిలిచిపోతుంది. దాడి చేసినవాడు రేపు అదే ఊళ్లో మళ్లీ ఎదురవుతాడు. రాజీపడమని చెప్పేవారే అందరూ.

కరోనా మొదటి నెలల్లో పరిస్థితి కాస్త మారింది. 2020 ఏప్రిల్‌లో ఇండోర్‌లో వైద్య సిబ్బంది మీద, మొరాదాబాద్‌లో అంబులెన్స్ మీద రాళ్లు పడ్డాక కేంద్రం ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తెచ్చింది, సెప్టెంబరులో అది చట్టమైంది. పారామెడికల్ సిబ్బంది మీద దాడి బెయిలు దొరకని నేరమైంది. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్లదాకా జైలు, అయిదు లక్షలదాకా జరిమానా. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికీ వర్తించేలా 50 లక్షల రూపాయల బీమా ప్రకటించారు. చప్పట్లు కొట్టారు, పూలు చల్లారు. కానీ ఆ చట్టం అంటువ్యాధుల కాలానికి రాసింది. వ్యాధి తగ్గాక, మామూలు రోజున మామూలు రోడ్డు మీద పడే దెబ్బకు అది అక్కరకు రాదు. 2024లో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రి ఘటన తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జాతీయ కార్యదళం ప్రత్యేక కేంద్ర చట్టం అవసరం లేదని అభిప్రాయపడింది. అక్కడా చర్చ ఎక్కువగా తిరిగింది ఆస్పత్రి ఆవరణ చుట్టూనే.

చట్టం కంటే ముందు తేలాల్సింది, వీళ్లు ఎవరి ఉద్యోగులన్నది. బండి మీద ముఖ్యమంత్రి బొమ్మ, ప్రభుత్వ ముద్ర ఉంటాయి. నియామక పత్రం మాత్రం నిర్వహణ సంస్థది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివరలో ఒకసారి, 2020లో మరోసారి నిర్వాహకులు మారారు. మారిన ప్రతిసారీ పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా, బకాయిలు ఎవరిస్తారన్న గుబులే. 2020 జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 వాహనాలను ప్రారంభించినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి పైలట్ల జీతాన్ని 10,000 నుంచి సర్వీసును బట్టి 18,000-28,000కు, ఈఎంటీలకు 12,000 నుంచి 20,000-30,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. డ్రైవర్‌కు పైలట్ బిరుదిచ్చి పదిహేనేళ్లు గడిచినా అందుతున్నది పదివేలేనన్నమాట. ఉత్తరప్రదేశ్‌లో 2021 జులైలో కాంట్రాక్టు చేతులు మారుతుంటే అంబులెన్స్ సిబ్బంది సమ్మెకు దిగారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది, వందల మంది ఉద్యోగాలు పోయాయి. సమ్మె చేసినప్పుడు వాళ్ల సేవ 'అత్యవసరం', జీతం అడిగినప్పుడు వాళ్లు 'కాంట్రాక్టర్ మనుషులు'. అలాంటి ఉద్యోగి తనపై చెయ్యిచేసుకున్నవాడి మీద కేసు పెడతాడని, సూది గుచ్చుకుందని పై అధికారికి చెబుతాడని ఆశించడం అత్యాశ.

ఈఎంటీలు, పారామెడిక్‌లను ఒక వృత్తిగా గుర్తించడం కూడా ఈమధ్యనే మొదలైంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. అప్పటిదాకా డిగ్రీ చదివి, కొన్ని వారాల శిక్షణతో రోడ్డెక్కి, నడిచే బండిలో కాన్పులు చేసినవారికి నర్సుకున్నట్టు కౌన్సిల్ గానీ, రిజిస్ట్రేషన్ నంబరు గానీ లేవు.

ఒడిశాలోని బహనగా వద్ద 2023 జూన్ 2న మూడు రైళ్లు ఢీకొని 290 మందికి పైగా చనిపోయారు. కొద్ది రోజుల తర్వాత జాతీయ విపత్తు దళం అధిపతి అతుల్ కర్వాల్ ఒక విషయం బయటపెట్టారు. సహాయ చర్యల్లో పాల్గొన్న తమ సిబ్బందిలో ఒకరికి నీళ్లు చూస్తే రక్తంలా కనిపిస్తోందని, మరొకరికి ఆకలి చచ్చిపోయిందని. వారికి కౌన్సెలింగ్ ఏర్పాటు చేశామనీ చెప్పారు. ఆ రాత్రి అక్కడికి ఉరికిన వాహనాల్లో రెండు వందలకు పైగా అంబులెన్సులు.

108 పైలట్, ఈఎంటీ అలాంటి దృశ్యాలను విడివిడిగా, చిల్లరగా, ఏళ్ల తరబడి చూస్తారు. ఆస్పత్రిలో రోగిని అప్పగించాక స్ట్రెచర్ ఖాళీ అవుతుంది. బండిలో నేలమీది రక్తాన్ని బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, కేస్ షీటు నింపాలి, వాడిన గ్లౌజులు లెక్కరాయాలి. తర్వాతి కాల్‌కు సిద్ధమని కంట్రోల్ రూంకు చెప్పాలి. టీ చల్లారేలోపే ఫోను మోగుతుంది.