అదనునాడు పట్టుకొన్న క్లచ్చి

అనంతపురపు మెట్టసీమలో రైతునకు ప్రాణప్రదమైనవి రెండు: అదను, పదును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో, జూన్, జూలై నెలలలో ఒక మంచివానకు ఎర్రనేల తడిసిన పిమ్మట, వేరుశనగ విత్తుటకు చిక్కు వ్యవధి కొద్దిదినములే. ఆ దినములలో ట్రాక్టరు కదలకపోయినచో కలుగు నష్టము ముందు మరమ్మతు ఖర్చు ఒక లెక్కలోనిది కాదు.

కదిరి నుండి మదనపల్లెకు పోవు బాటమీద తనకల్లు ఉన్నది. పూర్వము అనంతపురము జిల్లాలోనిదై, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇట్టి మెట్టపల్లెలలో తొలివానతోపాటు వినవచ్చు మాట ఒకటి కలదు: “ఇంజను బాగనే పలుకుతున్నది, గేరు మాత్రము పడలేదు, క్లచ్చి పట్టుకొనిపోయినది.” ఇది ఎందులకు జరుగును, ఎట్లు విడదీయవలెను అను సంగతిని మనము నేడు విచారింతము.

ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన ఇనుపచక్రము తిరుగుచుండును. దాని ముఖమునకు క్లచ్చి ప్లేటును, ఆ ప్లేటు వెనుకనుండి ప్రెషరు ప్లేటును స్ప్రింగులు అదిమిపట్టి ఉంచును. పెడలు త్రొక్కినపుడు ఆ అదుము తొలగి, నడుమ ప్లేటు విడివడును. గేరు సుళువుగా పడును. బండి నెలలతరబడి కదలక, చెమ్మ లోనికి చేరినపుడు పోత ఇనుపముఖమునకు త్రుప్పు పట్టును. ఆ త్రుప్పు క్లచ్చి ప్లేటును జిగురువలె అంటించివేయును. అప్పుడు పెడలు త్రొక్కినను ప్లేటు విడివడదు.

తొందరపడి విప్పనక్కరలేదు. గేరును న్యూట్రలులో నుంచి, ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి ఆపవలెను. తరువాత పెడలును పూర్తిగా త్రొక్కి, కట్టెముక్కతో బిగించి, ఒక రాత్రి అట్లే విడువవలెను. పలుచని త్రుప్పయినచో ఈ మాత్రమునకే విడివడవచ్చును.

అప్పటికిని విడనిచో, అనుభవశాలియైన డ్రైవరు విశాలమైన బీడులో మరియొక ఉపాయము చేయును. ఇంజను ఆగియుండగనే పై గేరు వేసి, పెడలు త్రొక్కి స్టార్టు చేసి, బండి కదలగనే బ్రేకులను ఒక్కసారిగా పట్టును. ఆ అదురుకు ప్లేటు ఊడును. అయితే స్టార్టు చేసిన క్షణముననే బండి ముందునకు దుముకును. కనుక ముందు వెనుకల మనుష్యులుగాని, పశువులుగాని, గోడగాని ఉండరాదు. కుడియెడమ బ్రేకు పెడళ్లను రెంటిని కలిపి బంధింపవలెను. లేనియెడల బండి ఒక ప్రక్కకు గిరుక్కున తిరుగును.

దీనికిని లొంగనిచో బండిని నడిమికి విడదీయుటయే గతి. ఇది మేస్త్రీ పని. మొదట బ్యాటరీ తీగె తీయవలెను. ముందు ఇరుసు మధ్యమీద ఊగునది కావున, ఇంజను ఒరగకుండ ఇరుసునకు ఇరుప్రక్కల కట్టె చీలలు కొట్టవలెను. రెండు భాగముల క్రిందను దృఢమైన దిమ్మెలుండవలెను. ఒక్క జాకీని నమ్మరాదు. ప్రెషరు ప్లేటు బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా తీయక, ఎదురెదురువానిని కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. లోపలి స్ప్రింగుల బలము ఒక్కవైపుననే పడినచో ప్లేటు వంకరపోవును. పాత ప్లేట్ల పూతలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళిని గాలితో ఊదక, తడిగుడ్డతో తుడువవలెను.

ఇంక ఫ్లైవీలు నడుమ గుంటలో నుండు చిన్న బేరింగు కూడ ఒక్కొకప్పుడు బిగిసిపోవును. వెనుకనుండి కొట్టుటకు దారి ఉండదు. మేస్త్రీలు ఆ గుంటను గ్రీజుతో నింపి, బేరింగు రంధ్రమునకు సరిపోవు ఇనుపకడ్డీని దూర్చి సుత్తితో కొట్టుదురు. గ్రీజు తానుగా నలుగునది కాదు. కడ్డీ త్రోసిన ఒత్తిడిని అన్నివైపులకు సమముగా పంచును. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కలు తెలిపిన సూత్రమిదియే. కడ్డీ వ్యాసము 2 సెంటీమీటర్లు, బేరింగు వెలుపలి వ్యాసము 4 సెంటీమీటర్లు అయినచో, బేరింగు వీపుమీద పడు బలము కడ్డీమీది బలమునకు సుమారు మూడురెట్లుండును. అందువలన లోపలికి కొట్టిన దెబ్బకు బేరింగు వెలుపలికి వచ్చును!

ఈ యుక్తి మన మేస్త్రీలకే పరిమితము కాదు. కెనడాలో 1959లో బొంబార్డియరు అను ఆయన ‘స్కీ-డూ’ అను చిన్న మంచుబండిని అమ్మకమునకు తెచ్చెను. అట్టి బండ్ల క్లచ్చి ఇంజను ఇరుసుయొక్క కోసుతేలిన కొనమీద బిగిసిపోయినపుడు, అచటివారును లోపల గ్రీజునో నీటినో నింపి, బోల్టు బిగించి ఊడదీయుదురు. మంచుసీమకు, కరవుసీమకు సూత్రమొక్కటే.

చివరకు మేము చెప్పదలచినది ఇది. పని ముగిసి బండిని నిలిపిన దినముననే పెడలును త్రొక్కి కట్టెముక్క బిగించి, చెమ్మ తగులని కొట్టములో ఉంచుడు. అప్పుడప్పుడు కట్టె తీసి, ఇంజను నడిపి, క్లచ్చిని నాలుగుమార్లు ఆడింపుడు. కాసులు కోరని ఈ కట్టెముక్క, వాన వచ్చిననాడు మీ అదనును కాపాడును.