వరి పొలములలో ఎలుకలను పట్టు కుక్కలు
(నరసన్నపేట ప్రాంతపు రైతుల ఉపయోగార్థము)

వంశధార కాలువల క్రింద నరసన్నపేట పరిసరములందు వరియే ముఖ్యమైన పంట. దుక్కి, దమ్ము, ఊడ్పు, కలుపు మున్నగు వానికై రైతు పడిన శ్రమయంతయు ఫలించు సమయమున దానిని దొంగిలించు శత్రువు ఎలుక. పొట్టదశలో నున్న పిలకలను అడుగున ఏటవాలుగా కొరికి పడవేయును. గింజ గట్టిపడిన పిదప వెన్నులను కోసి కలుగులోనికి లాగుకొని పోవును. ఈ శత్రువును పట్టుటలో కుక్క ఎంతవరకు సాయపడగలదు, దాని నెట్లు వాడుకొనవలెను, ఏ పొరపాటువలన ఆ కుక్కకే ప్రాణహాని కలుగును అను విషయములు ఇందు తెలుపబడుచున్నవి.

1. శత్రువు స్వభావము

పొలము గట్లను తొలిచి పంటకు హెచ్చు నష్టము చేయునది చిన్న పందికొక్కు. మన పందికొక్కు అను మాటనుండియే ఆంగ్లేయులు దీనికి బాండికూట్ అను పేరు కల్పించుకొనిరి. ఆడుది సుమారు మూడు వారములు మాత్రమే చూలు మోయును. ఈతకు సాధారణముగా 6 మొదలు 8 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పిల్లలను పెట్టును. ఆ పిల్లలు సుమారు మూడు నెలలలో తామును ఈనుటకు సిద్ధమగును. కావున ఆషాఢమాసమున ఒక ఆడుదానిని చంపుట, కార్తికమాసమున దాని సంతతినంతటిని చంపుటతో సమానము. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట వ్యర్థప్రయాసయని లోకులందురు. ఊడ్పులకు ముందు గట్టును త్రవ్వి ఎలుకను పట్టుట మాత్రము వ్యర్థము కాదు.

2. ఎట్టి కుక్క కావలెను?

ఇంగ్లండు దేశమున కలుగులలో దూరి జంతువులను వెలికి తరుముటకు టెర్రియర్ అను పొట్టి కుక్కలను పెంచిరి. నేల అను అర్థము గల మాటనుండి ఆ పేరు వచ్చినది. 1795 మొదలు 1883 వరకు జీవించిన జాన్ రస్సెల్ అను మతాచార్యుడు వృద్ధిచేసిన జాతి ఆయన పేరనే నేటికిని ప్రసిద్ధము. మన తెలుగునాటను వేటకుక్క లేకపోలేదు. కొల్లేరు ప్రాంతమునకు చెందిన జోనంగి అను జాతి మిక్కిలి పొట్టి వెండ్రుకలు గలది. చిన్న జంతువుల వేటకును, బాతుల మందలను కాయుటకును పేరుపొందినది.

అయినను రైతు వేలకొలది రూపాయలు వెచ్చించి జాతికుక్కను కొనవలసిన పని లేదు. దట్టమైన బొచ్చుగల కుక్కలు మన యెండకు తాళవు. ఎలుకలను పట్టు అలవాటు గల ఊరకుక్క ఈనిన పిల్లను తెచ్చి పెంచుట మేలు. అది చురుకుగా నుండవలెను. పిలిచిన వెంటనే రావలెను. కోళ్లను, గొఱ్ఱెపిల్లలను ముట్టరాదు. ఆరు నెలలు నిండనిదానిని పనికి పెట్టరాదు. మొదట పాత కుక్కతో కూడ తీసికొనిపోయినచో చూచి నేర్చుకొనును.

3. పని చేయు విధము

ముందురోజు సాయంకాలము గట్లపై నున్న కన్నములన్నిటిని బురదతో మూయవలెను. మరునాటి ఉదయమున తెరచియున్నవే ఎలుకలు నివసించు కలుగులు. వీనిని మాత్రమే త్రవ్వినచో శ్రమయు తగ్గును, గట్టును చెడదు.

పని తెల్లవారుజామున ప్రారంభించి యెండ ముదరక పూర్వమే ముగింపవలెను. ఇద్దరు మనుష్యులు, ఒక పార, రెండు కుక్కలు చాలును. పందికొక్కు తాను తప్పించుకొనుటకై పలుచని మట్టిపొరతో కప్పిన దొంగదారి నొకదానిని ఉంచుకొనును. దానిని వెదకి అచ్చట ఒక కుక్కను నిలిపి, పెద్ద కన్నము వైపునుండి త్రవ్వవలెను. కలుగు లోతైనచో అడుగున రంధ్రము గల కుండలో గడ్డి కాల్చి పొగ ఊదవలెను. కోస్తా జిల్లాలలో యానాదులు తరతరములుగా పొగబెట్టి ఎలుకలను పట్టుచున్నారు. పొగకు తాళలేక వెలికి వచ్చిన ఎలుకను కుక్క మెడ పట్టి విదిలించి క్షణములో చంపును.

కలుగులో చేయి పెట్టరాదు. నాగుపాము, రక్తపింజరి అందే దాగియుండును. కుక్క కలుగు ముందు వెనుకకు తగ్గి మొరిగినచో త్రవ్వుట మానవలెను. జెఱ్ఱిపోతు ఎలుకలను తిని రైతునకు మేలు చేయును గనుక దానిపై కుక్కను ఉసికొల్పరాదు.

పని ముగిసిన పిదప గట్టును గట్టిగా పూడ్చవలెను. గట్లు ఎంత సన్నముగా నుండిన కలుగులు అంత తగ్గును. ఒక్క రైతు మాత్రమే ఇట్లు చేసిన ప్రయోజనము స్వల్పము. పొరుగు చేనినుండి ఎలుకలు మరల వచ్చును. ఒక కాలువ క్రింది రైతులందరును ఒకే వారములో పూనుకొనవలెను.

4. విషము పెట్టిన చోట కుక్కను విడువరాదు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. బ్రోమోడయోలోన్ ఎర తినిన ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు తిరుగును. దానిని తినిన కుక్కకును రక్తము గడ్డకట్టు శక్తి నశించును. చిగుళ్లనుండి నెత్తురు, నీరసము కొన్ని దినముల తరువాతనే కనబడును గనుక యజమాని కారణమును గ్రహింపలేడు. అనుమానము కలిగిన వెంటనే పశువైద్యుని కడకు గొనిపోయినచో కె1 విటమిను చికిత్సచే బ్రదుకవచ్చును. జింకు ఫాస్ఫైడునకు విరుగుడు లేదు. కావున ఊడ్పులకు ముందు కుక్కలతో పని ముగించి, ఆ పిమ్మట అవసరమైనచో ఎర పెట్టవలెను. ఎర పెట్టిన నాటినుండి కుక్కను కట్టివేయవలెను. చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చవలెను.

5. చట్టము

ఎలుకలను పట్టుటకు అడ్డు లేదు. అడవిపంది, కుందేలు, ముంగిస, ఉడుము మున్నగువానిని కుక్కలచే వేటాడించుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. చెరసాల శిక్షయు విధింపబడవచ్చును. అడవిపంది పంటను పాడుచేసినచో అటవీశాఖ వారికి తెలుపవలెనే గాని దానిపైకి కుక్కలను తరుమరాదు. ముంగిసయు ఎలుకలను తినునదే యని మరువరాదు.

6. కుక్క ఆరోగ్యము, యజమాని ఆరోగ్యము

మూడు నెలల వయస్సున పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పసరు పూసి ఊరకుండుట ప్రాణాపాయము; ఈ వ్యాధి లక్షణములు కనబడిన పిదప బ్రదుకుట దాదాపు అసాధ్యము. ఎలుకల మూత్రము కలిసిన బురదవలన ఎలుకజ్వరము మనుష్యులకును కుక్కలకును సోకును. కాళ్లపై పుండ్లు గలవారు కలుగులు త్రవ్వరాదు. పని ముగిసిన వెంటనే చేతులు కాళ్లు సబ్బుతో కడుగుకొనవలెను. పనిచేసిన కుక్కకు ఎలుకను తిననీయక, ఇంట గంజియన్నము పెట్టి, నీడయు మంచినీరును చూపవలెను.

కుక్క యొక్కటియే పంటను కాపాడజాలదు. సన్నని గట్లు, పొరుగువారి సహకారము, తగిన కాలమున చేసిన త్రవ్వకము తోడైనప్పుడే దాని పని సార్థకమగును. గ్రామసింహమని మనము ఎగతాళికి పిలుచు ఈ జంతువు, విషమునుండి కాపాడబడినచో, చాల యేండ్లు గట్టుమీద రైతునకు తోడుగా నిలుచును.