వెనుక చక్రముల బ్రేకు: ఇంటి పనియా, మేస్త్రి పనియా?

ఇంటిలోని వస్తువు చెడినపుడు దానిని మనమే బాగుచేసికొనుట పొదుపని మనమందరము నమ్ముదుము. కుళాయికి వాషరు వేయుట, చినిగిన దుప్పటిని కుట్టుట మొదలగు పనులలో నిది నిజమే. కాని కారు బ్రేకుల విషయమున నీ నమ్మకమెంతవరకు చెల్లునో మాకు స్వానుభవమున తెలిసినది. దానిని సోదరీమణులకు విన్నవించుట యుపయుక్తమని తలంచుచున్నాము.

మాది చిన్న కారు. మన దేశమున తిరుగు చిన్న కార్లలో ననేకములకు ముందు చక్రములకు డిస్కు బ్రేకులును, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులును ఉండును. డ్రమ్మనగా చక్రముతో గూడ తిరుగు నినుప గిన్నె వంటిది. దానిలోపల నర్ధచంద్రాకృతి గల రెండు షూలుండును. పెడలు త్రొక్కినపుడు బ్రేకు ఆయిలు ఒత్తిడిచే చక్రపు సిలిండరు ఈ షూలను విడదీయగా, నవి డ్రమ్మును లోపలినుండి యొరయును. ఆ యొరపిడికి షూలపైనున్న లైనింగు క్రమముగా నరిగిపోవును. కారు ఆగునపుడు బరువు ముందుకు మొగ్గును గనుక ముందు బ్రేకులకే పని యెక్కువ. వెనుకవి నెమ్మదిగా నరుగును. డ్రమ్ము మూసియుండుటచే నా యరుగుదల బయటికి గానరాదు. కావుననే వానిని మరచుట సులభము.

గత వేసవిలో తిరుమలకు మా కారులోనే పోవ సంకల్పించితిమి. అచట 1944లో వాడుకలోనికి వచ్చిన మొదటి ఘాటు రోడ్డు నేడు దిగుటకును, 1974 నాటి రెండవది యెక్కుటకును ఉపయోగపడుచున్నవి. ఎక్కుట యింజను పని; దిగుట బ్రేకుల పని. అత్తగారిని, పిల్లలను కూర్చుండబెట్టుకొని యా మలుపులు దిగవలెను. హ్యాండు బ్రేకు చాల పైకి లాగినగాని పట్టకుండుట మేము గమనించియే యుంటిమి. షెడ్డులో విచారింపగా షూల వెల గాక కూలి 700 రూపాయలనిరి. “షూలు కొని మనమే వేసికొన్న నీ సొమ్ము మిగులును గదా” యని మావారనిరి. మేమును సరేయంటిమి.

ఆదివారముదయమున పని మొదలైనది. వెనుక డ్రమ్ము విప్పవలెనన్న హ్యాండు బ్రేకును వదలవలెను. కనుక ముందు చక్రములకు దిమ్మలు పెట్టి, కారును జాకీతో లేపి, ఇనుప స్టాండులమీద నిలిపిరి. జాకీ చక్రము మార్చుటకే గాని, దానిని నమ్మి కారు క్రింద చేయి పెట్టరాదు. ఈ స్టాండులు, స్ప్రింగులు తీయు పటకారు, బ్రేకు క్లీనరు కొనుటకే ఆ కూలికి రెట్టింపు వ్యయమైనది.

డ్రమ్ము ఊడగానే లోపల నల్లని దుమ్ము. దానిని నోటితో నూదరాదు. పాత లైనింగులలో ఊపిరితిత్తులకు చేటు దెచ్చు ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. క్లీనరు చల్లి తడిగుడ్డతో నద్ది తీసితిమి. మావారుత్సాహమున రెండు ప్రక్కలను ఒక్కసారే విప్పివేసిరి. ఒక ప్రక్క నుంచినచో నదియే రెండవదానికి మాదిరిగా నుండెడిది. మూడు గంటలు గడచినను ఏ స్ప్రింగెచట తగిలింపవలెనో తెలియలేదు. తుదకు పరిచయమున్న మేస్త్రికి కబురంపితిమి.

ఆయన ముందుగా స్ప్రింగులను జూడలేదు. ఎడమ సిలిండరు కొననున్న రబ్బరు తొడుగును వేలితో నెత్తి చూపెను. దాని క్రింద తడి. “ఇక్కడ ఆయిలు కారుతోందమ్మా. కొత్త షూలు వేసినా నాలుగు రోజుల్లో తడిసి పట్టు వదిలేస్తాయి. ఘాటు దిగేటప్పుడు తెలిసేది మీకు” అనెను. మాకు నోట మాట రాలేదు. ఆ తడిని మేమును జూచితిమి. క్లీనరు చెమ్మ యనుకొంటిమి.

ఆయన సిలిండరు మార్చి, రెండు ప్రక్కలను షూలు వేసి, గొట్టములలోని గాలి తీసి, పెడలు గట్టిపడువరకు త్రొక్కించి, వీధిలో మెల్లగా నడపి పరీక్షించెను. అడిగిన కూలి నిచ్చితిమి. అది చేతికిచ్చిన కూలి గాదు, కంటికిచ్చిన కూలి యని యప్పటికి దెలిసినది.

అయినను ఆ యుదయము వ్యర్థమైనదనజాలము. “మీకేమి తెలియునమ్మా” యనువారిని నేడు మేమడుగగలము: డ్రమ్ము విప్పి మా యెదుట చూపితిరా? సిలిండరు పొడిగా నున్నదా? రెండు ప్రక్కలను మార్చితిరా? పాత షూలేవి?

ఇంట మనము చేయదగిన పనియు గలదు. ఆయిలు డబ్బాలో మట్టము క్రింది గీతకు దిగినదేమో, పెడలు మెత్తబడినదేమో, వెనుక చక్రముల లోపలి ప్రక్క తడి యున్నదేమో చూచుచుండవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక సాధారణముగా రెండేండ్లకొకసారి మార్పింపవలెను. కిరసనాయిలుతో బ్రేకు భాగములను కడుగరాదు; రబ్బరు ఉబ్బి చెడును.

తెలిసినవారి ప్రక్క నిలిచి నేర్చుకొన్న పిమ్మట నెవరైనను ఈ పని యింట చేసికొనవచ్చును, స్త్రీలును జేయవచ్చును. అంతవరకు కనిపెట్టి చూచుట మన పని, విప్పుట వారి పని.

ఆ నెలలోనే తిరుమలకు వెళ్లి దిగి వచ్చితిమి. బ్రేకులు కాగిపోకుండ మావారు తక్కువ గేరులోనే నడపిరి. వెనుక అత్తగారు గోవిందనామములు చెప్పుకొనుచుండిరి. ప్రక్కన గూర్చున్న మా కాలు మాత్రము ప్రతి మలుపున, అచట లేని పెడలును త్రొక్కుచునే యుండెను.