ఆగని గుండెకు చెదరని ఫొటో!

తిరునాళ్లొస్తే కర్నూలు, కడప పల్లెల్లో బండలాగుడు పోటీల సందడే సందడి. ఈలలు, అదిలింపులు, దుమ్ము... ఆ జోరులో ఫొటో తీస్తే చుట్టూ నిలబడ్డ జనం స్పష్టంగానే పడతారు. ఎద్దులు మాత్రం అలికేసినట్టు మసకగా వస్తాయి.

గుండెకు 'డిఫ్యూజన్ ఎమ్మారై' తీసేవాళ్లదీ ఇదే అవస్థ. తల కదపొద్దంటే రోగి కదపడు. గుండెను కాసేపు ఆగమనలేరుగా! రోజుకు సుమారు లక్షసార్లు అది కొట్టుకోవాల్సిందే.

చాళ్ల వెంట నీళ్లు

మిరపచేలో బోరునీళ్లు చాళ్ల వెంట సాఫీగా పారతాయి. గట్టు దాటి పక్కకు వెళ్లడమే కష్టం. గుండె కండరంలోని నీరూ అంతే... పోగుల వెంట తేలిగ్గా కదులుతుంది, అడ్డంగా అంత తేలిగ్గా కదల్లేదు. ఆ కదలికను పట్టుకుంటే పోగుల అల్లిక ఎలా ఉందో కోత లేకుండానే తెలుస్తుంది. కానీ పరీక్ష జరిగే లిప్తకాలంలో నీటి కణం కదిలేది మిల్లీమీటరులో సుమారు వందో వంతు. గుండె గోడ కదలిక దానికి వందల రెట్లు. తిరునాళ్ల హోరులో గుసగుస వినడం లాంటిదన్నమాట!

కిటుకులివీ...

అయినా 1995లో అమెరికాలో తిమోతీ రీస్ బృందం బతికున్న మనిషి గుండెలో పోగుల దిశను చూపగలిగింది. ఇప్పుడు వాడే కిటుకులు చాలానే. ఈసీజీ చూసుకుంటూ ప్రతి స్పందనలోనూ ఒకే క్షణంలో చిత్రం తీయడం ఒకటి. ఒక స్పందనలో కొలత మొదలుపెట్టి, గుండె మళ్లీ అదే స్థితికొచ్చాక తర్వాతి స్పందనలో ముగించడం మరొకటి. అయస్కాంత క్షేత్రాన్ని లెక్క ప్రకారం అటూఇటూ మార్చి గుండె వేగం ప్రభావాన్ని చెరిపేసే పద్ధతీ ఉంది. ఇక ఊపిరి కదలిక అడ్డురాకుండా రోగిని కొన్ని క్షణాలు ఊపిరి బిగపట్టమంటారు.

ఎందుకింత తంటా?

ఆడుతూ ఆడుతూ కుప్పకూలిపోయే కుర్రాళ్ల కోసం! అందుకు ఓ కారణం హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. సుమారు 500 మందిలో ఒకరికి ఉండే ఈ జబ్బులో గుండె కండరం దళసరెక్కి, పోగుల అల్లిక చిందరవందరవుతుంది. దాన్ని కళ్లారా చూడాలంటే ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. అది చాలాసార్లు ప్రాణం పోయాకే! డిఫ్యూజన్ ఎమ్మారైలో అల్లిక బాగా చెదిరినట్టు కనిపించిన రోగుల్లో గుండె ప్రమాదకరంగా లయ తప్పడం ఎక్కువని 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు.

ఈ పరీక్ష ఇంకా ఎక్కువగా పరిశోధన కేంద్రాలకే పరిమితం. అందాకా చేయగలిగిందీ ఉంది. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే గుండె ఆగి హఠాత్తుగా పోయి ఉంటే, వారి తోబుట్టువులు, పిల్లలు ఆ సంగతి డాక్టరుకు చెప్పి ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. వాటికి కర్నూలో కడపో వెళితే చాలు!